అప్‌డేట్ మీద అప్‌డేట్: ఫోన్‌ను మీరు చెప్పిన రోజే అప్‌డేట్ అయ్యేలా పెట్టుకోవడం ఎలా

పోయిన వారమే ఫోన్ అప్‌డేట్ అయింది. ఇవాళ మళ్లీ నోటిఫికేషన్: 480 ఎంబీ, ‘బగ్ ఫిక్సెస్ అండ్ స్టెబిలిటీ ఇంప్రూవ్‌మెంట్స్’. ఏం బాగు చేశారో చెప్పరు, ముందు ఎందుకు పాడైందో అసలే చెప్పరు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకున్నవాళ్లకు మూడో వంతు డేటా దానికే పోతుంది. డబ్బు పెట్టి కొన్న ఫోన్‌ను కంపెనీ తన తీరికను బట్టి ఆపి, మళ్లీ ఆన్ చేస్తుంటే ఎవరికైనా కోపం వస్తుంది, రావాలి కూడా.

ఆ కోపంలో చాలామంది రెండు పనులు చేస్తారు. కొందరు ‘లేటర్’ నొక్కీ నొక్కీ ఏడాది దాకా అప్‌డేట్ ఊసే ఎత్తరు. కొందరు పీడ పోతుందని వచ్చింది వచ్చినట్టు వేసేస్తారు. మొదటివాళ్ల బ్యాంకు ఖాతా ప్రమాదంలో పడుతుంది. రెండోవాళ్ల ఫోన్ మీద కంపెనీ తన కొత్త సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించుకుంటుంది. ఈ రెంటికీ నడుమ పని జరిగే పద్ధతి ఒకటుంది: నెలకు ఒక రోజు మీరే ఖాయం చేసుకుని, ఆ నెలలో వచ్చినవన్నీ ఆ రోజు ఒక్కసారే వేసుకోవడం. మూడో ఆదివారం అయితే బాగుంటుంది. గూగుల్ సెక్యూరిటీ బులెటిన్, అంటే ఆండ్రాయిడ్‌లో సరిచేసిన లోపాల జాబితా, సాధారణంగా నెల మొదటి సోమవారం వస్తుంది. ఫోన్ కంపెనీలు దాన్ని తమ మోడళ్లకు సర్దుకుని పంపడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మూడో ఆదివారానికి ముందుగా వేసుకున్నవాళ్ల గోడు కూడా నెట్‌లో బయటికొస్తుంది.

ముందు అది ఏ రకం అప్‌డేటో చూడండి

నోటిఫికేషన్ ఒకేలా ఉన్నా లోపల వచ్చేవి నాలుగు రకాలు. ఏది వచ్చిందో తెలిస్తే ఎన్నాళ్లు ఆగొచ్చో తెలుస్తుంది.

మొదటిది సెక్యూరిటీ ప్యాచ్, అంటే ఫోన్‌లోకి దొంగలు చొరబడే దారులను మూసేది. 2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక్క ఎంఎంఎస్ పంపి ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి చొరబడే వీలు దానితో ఉండేది. ఆ దెబ్బకే 2015 ఆగస్టు నుంచి నెలనెలా ప్యాచ్‌లు మొదలయ్యాయి. మీ ఫోన్‌లో సెట్టింగ్స్ → అబౌట్ ఫోన్ → ఆండ్రాయిడ్ వెర్షన్ తెరిస్తే ‘ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్’ పక్కన ఒక తేదీ కనిపిస్తుంది. శాంసంగ్‌లో అదే అబౌట్ ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ కింద ఉంటుంది. అది మీరు ఫోన్ అప్‌డేట్ చేసిన తేదీ కాదు, ఆ ప్యాచ్ తేదీ. నెలలో 1వ తేదీ అని ఉంటే ఆండ్రాయిడ్‌లోని లోపాలు సరిచేసినట్టు, 5వ తేదీ అని ఉంటే వాటితోపాటు చిప్ కంపెనీల విడిభాగాల లోపాలు కూడా సరిచేసినట్టు. అన్ని నెలలూ ఒకే బరువుతో రావు. 2025 జులై బులెటిన్‌లో ఒక్క లోపమూ లేదు. అదే ఏడాది సెప్టెంబరుది మాత్రం అప్పటికే దాడుల్లో వాడుతున్న రెండు లోపాలను మూసింది.

రెండోది బగ్ ఫిక్స్, అంటే ముందు అప్‌డేట్ చేసిన చెరుపును సరిదిద్దేది. విసుగు పుట్టించేది ఎక్కువగా ఇదే. 2023 సెప్టెంబరు 18న ఐఓఎస్ 17 వచ్చింది. 21న 17.0.1, ఆ తర్వాత 17.0.2, అక్టోబరు 4న 17.0.3 వచ్చాయి. 17.0.1లో దాడుల్లో వాడుతున్న మూడు లోపాలను మూశారు. 17.0.2 పాత ఐఫోన్ నుంచి ఐఫోన్ 15లోకి సమాచారం మార్చుకునేటప్పుడు వచ్చే సమస్య కోసం. 17.0.3 ఐఫోన్ 15 ఫోన్లు వేడెక్కడాన్ని సరిచేస్తూనే, దాడుల్లో వాడిన ఇంకో లోపాన్నీ మూసింది. బయటికి చుక్క తర్వాతి అంకె మారినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం ఒకటి వెంటనే వేసుకోవాల్సింది, ఇంకోటి కొన్ని మోడళ్లకే అవసరమైనది.

మూడోది వెర్షన్ అప్‌గ్రేడ్. ఆండ్రాయిడ్ 15 నుంచి 16కు, ఐఓఎస్ 18 నుంచి 26కు మారడం లాంటిది. ఇది రెండు నుంచి ఐదు జీబీ దాకా ఉంటుంది, ఫోన్ రూపమే మార్చేస్తుంది. నాలుగోది గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్. 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఏర్పాటు ఇది. ప్లే స్టోర్ దారిలో చప్పుడు చేయకుండా వచ్చి, తర్వాత ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడు కూర్చుంటుంది. దీనితో పెద్దగా తక్లీఫ్ ఉండదు, రానివ్వండి.

ఇన్నిసార్లు ఎందుకొస్తాయన్నది న్యాయమైన ప్రశ్న. ఒక లోపం దొరికితే గూగుల్ దాన్ని సరిచేయాలి, చిప్ కంపెనీ తన భాగం చూసుకోవాలి, ఫోన్ కంపెనీ దాన్ని తన పదుల మోడళ్లకు సర్దాలి. అన్ని మోడళ్లను, అన్ని యాప్‌లను, అన్ని సిమ్‌లను కలిపి ముందే పరీక్షించడం ఎవరివల్లా కాదు. అందుకే కొద్దిమందికి ముందు పంపి, ఫిర్యాదులు రాకపోతే మిగతావాళ్లకు పంపుతారు. మీ పక్కింటివాళ్లకు వచ్చి మీకు ఇంకా రాకపోవడానికి కారణం అదే. 2014 సెప్టెంబరు 24న వచ్చిన ఐఓఎస్ 8.0.1 ఐఫోన్ 6 ఫోన్లలో సిగ్నల్‌నూ వేలిముద్రనూ పని చేయకుండా చేసింది. యాపిల్ ఆ రోజే దాన్ని వెనక్కి తీసుకుంది. ఒక్క రోజు ఆగినవాళ్లకు ఆ కష్టం తెలియనే లేదు.

ఎన్ని రోజులు ఆగొచ్చు

సెక్యూరిటీ ప్యాచ్‌ను మూడో ఆదివారం దాకా ఆపొచ్చు, అంతకు మించి వద్దు. ప్యాచ్ బయటికొచ్చాక లోపం ఎక్కడుందో అందరికీ తెలిసిపోతుంది. తాళం పాడైందని ఊరంతటికీ తెలిసిన ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకుంటారు? అప్‌డేట్ వివరాల్లో ‘ఎక్స్‌ప్లాయిటెడ్’ (ఇప్పటికే దాడుల్లో వాడారు) అనే మాట ఉన్నా, సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరిక పేపర్లలో వచ్చినా ఆదివారం కోసం చూడొద్దు, రెండు రోజుల్లో వేసేయండి.

బగ్ ఫిక్స్ అయితే ముందు వివరాలు చదవండి. మీకున్న సమస్య అందులో ఉంటే వేసుకోండి, లేకపోతే ఆదివారం దాకా ఆగండి. వెర్షన్ అప్‌గ్రేడ్‌కు మాత్రం తొందరే వద్దు. దాని వెనకాల కనీసం రెండు బగ్ ఫిక్స్‌లు వచ్చేదాకా ఆగండి. నెల, నెలన్నర పడుతుంది. చాలా ఫోన్లలో ఈ లోపు పాత వెర్షన్ సెక్యూరిటీ ప్యాచ్ విడిగా రాదు, అందుకని రెండు నెలలు దాటించొద్దు.

మీకు మిగతావాళ్లకంటే ఎక్కువ అప్‌డేట్లు వస్తున్నాయంటే ఇంకొక అనుమానం: ఫోన్ బీటాలో, అంటే ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్లు ముందే వచ్చే జాబితాలో ఉండొచ్చు. కొత్తవి ముందే చూద్దామని ఇంట్లో పిల్లలు ఎప్పుడో చేర్చి మర్చిపోతారు. ఐఫోన్‌లో సెట్టింగ్స్ → జనరల్ → సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ‘బీటా అప్‌డేట్స్’ ఆఫ్‌లో ఉందా చూడండి. శాంసంగ్ అయితే శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో చూడండి. రోజూ వాడే ఫోన్‌ను, అందులోనూ యూపీఐ ఉన్న ఫోన్‌ను, బీటాలో పెట్టొద్దు. ఒక జాగ్రత్త: ఆండ్రాయిడ్ బీటా నుంచి మధ్యలో బయటికొస్తే ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోవచ్చు. బయటికొచ్చే ముందు అక్కడ రాసింది పూర్తిగా చదవండి.

దానంతట అది వేసుకోకుండా ఆపడం

డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్ రెండూ వేరువేరు స్విచ్‌లు. రెండూ ఆపాలి.

శాంసంగ్: సెట్టింగ్స్ → సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ → ‘ఆటో డౌన్‌లోడ్ ఓవర్ వైఫై’ ఆఫ్.

వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ: సెట్టింగ్స్ → అబౌట్ ఫోన్‌లో పైన పెద్దగా కనిపించే వెర్షన్ బొమ్మ మీద నొక్కితే అప్‌డేట్ పేజీ వస్తుంది. కుడి వైపు మూలనున్న గుర్తులో ‘ఆటో డౌన్‌లోడ్’, ‘ఆటో అప్‌డేట్ ఓవర్‌నైట్’ ఉంటాయి. రెండోది ముఖ్యం.

షావోమీ, రెడ్‌మీ, పోకో: అబౌట్ ఫోన్‌లో ఓఎస్ వెర్షన్ మీద నొక్కి, మూడు చుక్కల్లో అప్‌డేట్ సెట్టింగ్స్. వివోలో సిస్టమ్ అప్‌డేట్ పేజీలోనే రాత్రిపూట ఇన్‌స్టాల్ అయ్యే ఆప్షన్ ఉంటుంది.

ఐఫోన్: జనరల్ → సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ → ఆటోమేటిక్ అప్‌డేట్స్. ఇన్‌స్టాల్, డౌన్‌లోడ్ రెండూ ఆఫ్ చేయండి. అక్కడే సెక్యూరిటీ రెస్పాన్సెస్ అనే స్విచ్ ఉంటే దాన్ని ఆన్‌లోనే వదలండి. చిన్నచిన్న రక్షణ ఫైళ్లు దాని ద్వారానే వస్తాయి. ముందే డౌన్‌లోడ్ అయి రోజూ గుర్తు చేస్తుంటే జనరల్ → ఐఫోన్ స్టోరేజ్‌లో ఐఓఎస్ పేరుతో ఉన్న ఫైల్‌ను తెరిచి ‘డిలీట్ అప్‌డేట్’ నొక్కండి. పోయిన జాగా తిరిగొస్తుంది.

ఇవన్నీ చేసినా కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు రీస్టార్ట్ చేయగానే అప్‌డేట్ వేసుకుంటాయి. దానికి డెవలపర్ ఆప్షన్స్ అనే దాచి ఉంచిన సెట్టింగ్స్ కావాలి: అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే అవి తెరుచుకుంటాయి. షావోమీలో బిల్డ్ నంబర్‌కు బదులు ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి. లోపల ‘ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్’ ఆఫ్ చేయండి. ఇంకేదీ ముట్టుకోవద్దు. కొన్ని బ్యాంకు యాప్‌లు డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే తెరుచుకోవు. అలా అయితే స్విచ్ మార్చాక పైనున్న ప్రధాన బటన్‌ను ఆఫ్ చేసి చూడండి. ఆఫ్ చేస్తే మీరు మార్చిన స్విచ్ కొన్ని ఫోన్లలో మళ్లీ పాత స్థితికి పోతుంది. అప్పుడు బ్యాంకు యాప్‌కే మొగ్గు చూపండి.

డేటా ఎక్కడ పోతుందో

వైఫైలోనే డౌన్‌లోడ్ కావాలని పెట్టుకున్నా డేటా పోతోందంటే హాట్‌స్పాట్ చూడండి. ఇంకొకరి ఫోన్ హాట్‌స్పాట్‌ను మీ ఫోన్ వైఫైగానే లెక్కేస్తుంది. రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లయితే చాలాసార్లు గుర్తుపడుతుంది, అన్నిసార్లూ కాదు. డాంగిళ్ల దగ్గర ఈ తంటా ఎక్కువ. ఆ నెట్‌వర్క్ పేరు మీద నొక్కి లోపలికెళ్లి ‘మీటర్డ్’ (డేటాకు లెక్క ఉన్నది) అని ఎంచుకోండి. ఐఫోన్‌లో అదే చోట ‘లో డేటా మోడ్’ ఉంటుంది.

ఇంట్లో వైఫై లేనివాళ్లు, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లలో ఫోన్ డేటా మీదే ఉన్నవాళ్లు, లెక్క చూసుకుని మొదలుపెట్టాలి. జియో, ఎయిర్‌టెల్ రోజువారీ ప్యాక్‌లలో కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో 500 ఎంబీ దిగాలంటే పదిహేడు గంటలు పైగా పడుతుంది, మధ్యలో తెగే అవకాశమే ఎక్కువ. కోటా అర్ధరాత్రి 12కు కొత్తగా మొదలవుతుంది. కాబట్టి రాత్రి పదకొండున్నరకు, ఆ రోజు మిగిలిన డేటాతో డౌన్‌లోడ్ మొదలుపెట్టండి. పన్నెండు దాటగానే కొత్త కోటా కలుస్తుంది. ఆ రోజుది అర జీబీ పైన మిగిలి ఉంటే, ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో రెండు జీబీ ఫైల్ ఇలా ఒకే రాత్రి దిగిపోతుంది. తెల్లారి పిల్లల క్లాసుకు డేటా మిగలదని మాత్రం ఇంట్లో ముందే చెప్పండి. ఆదివారం ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ లాంటి చోట్ల 5జీ ఉండి, రోజుకు రెండు జీబీ అంతకు మించిన ప్లాన్ ఉంటే 5జీ డేటాకు కోటా లెక్క లేని ప్లాన్‌లే ఎక్కువ. మీ ప్లాన్‌లో ఆ మాట ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఐఫోన్‌లో 5జీ మీద డౌన్‌లోడ్ కావాలంటే మొబైల్ డేటా ఆప్షన్స్‌లో డేటా మోడ్ తెరిచి ‘అలౌ మోర్ డేటా ఆన్ 5జీ’ ఎంచుకోవాలి.

రోజు ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సినవి

తెల్లారి పని ఉన్న రాత్రి అప్‌డేట్ వద్దు. పత్తి అమ్ముకునేందుకు సీసీఐ (పత్తి కొనే కేంద్ర సంస్థ) 2025లో తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాల్సిన రోజు, ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తోలే రోజు, ఈఏపీసెట్ హాల్‌టికెట్ దింపుకునే రోజు, ఆస్పత్రి ప్రయాణం ఉన్న రోజు ఫోన్ పాతదే నయం. మేడారం జాతరకు పోయేవాళ్లు వారం ముందే పని ముగించుకోవాలి. అక్కడ జనం మధ్య నెట్‌వర్క్ అసలే ఆగమాగం, కొత్త వెర్షన్‌తో ఏదైనా తేడా చేస్తే సరిచేసుకునే దారి ఉండదు.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. యాపిల్ తన ఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. మిగతా ఫోన్లకూ ఇంచుమించు అంతే. మే నెలలో రామగుండం, వరంగల్‌లో మధ్యాహ్నం 42, 44 డిగ్రీలు మామూలే. అప్‌డేట్ అంటే డౌన్‌లోడ్, చార్జింగ్, ప్రాసెసర్ మీద బరువు, మూడూ ఒకేసారి. ఫోన్ వేడెక్కి చార్జింగ్ ఆపేస్తుంది, అప్‌డేట్ నత్తనడక నడుస్తుంది, బ్యాటరీ జీవితం తగ్గుతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామున గానీ రాత్రి తొమ్మిది దాటాక గానీ చేయండి. కవర్ తీసి, ఫ్యాన్ కింద, బల్ల మీద పెట్టండి. పరుపు మీద, దిండు కింద వద్దు.

ఆ రోజు వరుసగా ఇలా

1. స్క్రీన్ లాక్ పిన్ లేదా ప్యాటర్న్ మీకు గుర్తుందా? ఈ ఒక్క పని మర్చిపోయి ఫోన్‌లోనిదంతా పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువ. రోజూ వేలిముద్రతో తెరిచేవాళ్లకు పిన్ మెల్లగా మరుపున పడుతుంది. అప్‌డేట్ తర్వాత ఫోన్ రీస్టార్ట్ అయితే మొదటిసారి పిన్ కొట్టేదాకా వేలిముద్ర, ముఖం ఏవీ పనిచేయవు. పిన్ గుర్తు రాకపోతే ఫోన్‌ను పూర్తిగా చెరిపేయడం తప్ప దారి లేదు, చెరిపాక కూడా పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. అమ్మ, నాన్న, అత్తమ్మ, మామయ్యల ఫోన్లు అప్‌డేట్ చేసే ముందు ఫోన్‌ను లాక్ చేసి, వాళ్ల చేతే పిన్ కొట్టించి చూడండి. రాకపోతే అప్‌డేట్ ఆపి ముందు ఆ సంగతి చూడండి.

2. వాట్సాప్‌లో సెట్టింగ్స్ → చాట్స్ → చాట్ బ్యాకప్ నొక్కండి. ఆండ్రాయిడ్‌లో ఇది మీ గూగుల్ ఖాతాలోని ఉచిత 15 జీబీలోంచే పోతుంది. అది నిండి ఉంటే వీడియోలు వదిలేసి బ్యాకప్ తీయండి. ఫోటోలు కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో తీసుకోండి. అప్‌డేట్ వల్ల ఫోటోలు పోవడం అరుదు, పోతే మాత్రం తిరిగిరావు.

3. ఖాళీ జాగా చూడండి. నెలవారీ ప్యాచ్‌కు 3 జీబీ, వెర్షన్ అప్‌గ్రేడ్‌కు 10 జీబీ ఉంటే నిశ్చింత. ఫైల్ సైజు ఒక జీబీయే కదా అనుకోవద్దు. విప్పి, పాతదాని పక్కన కొత్తదాన్ని పేర్చడానికి అంతకు ఎన్నో రెట్లు కావాలి. ముందుగా వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన గుడ్‌మార్నింగ్ వీడియోలు తీసేయండి: వాట్సాప్ సెట్టింగ్స్ → స్టోరేజ్ అండ్ డేటా → మేనేజ్ స్టోరేజ్.

4. బ్యాటరీ 60 శాతం దాటాక మొదలుపెట్టండి. కరెంటు పోయినా పని ఆగకూడదు.

5. బిల్డ్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపండి. తర్వాత ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే పాతదేదో చూపించడానికి ఇదే ఆధారం.

6. డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్ నొక్కండి. చాలా కొత్త ఫోన్లలో ఇన్‌స్టాల్ వెనకాల జరుగుతుంటే మీరు ఫోన్ వాడుకోవచ్చు. కొత్త సిస్టమ్ పక్క గదిలో సిద్ధమవుతుంది, రీస్టార్ట్ చేయగానే దానికి మారుతుంది, అది లేవకపోతే పాతదానికే తిరిగొస్తుంది. ఈ ఏర్పాటు లేని ఫోన్లు ఆగిపోయి, స్క్రీన్ మీద శాతం చూపిస్తూ పది నుంచి ఇరవై నిమిషాలు తీసుకుంటాయి. ఆ సమయంలో పవర్ బటన్ ముట్టుకోవద్దు. లోగో దగ్గర అర్ధగంట వరకు ఆగినా ఓపిక పట్టండి.

7. లేవగానే పిన్ కొట్టండి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. పిన్ కొట్టేదాకా ఫోన్‌లోని సమాచారం తాళంలోనే ఉంటుంది. మామూలు కాల్ వస్తుంది గానీ ఎవరి పేరూ కనిపించదు, వాట్సాప్ కాల్ మోగదు. రాత్రి దానంతట అదే అప్‌డేట్ అయిన ఫోన్‌కు గల్ఫ్ నుంచి చేసిన వాట్సాప్ కాల్ అందకపోవడానికి కారణం ఇదే.

8. ప్లే స్టోర్‌లో యాప్‌లన్నీ అప్‌డేట్ చేసి, ఇంకొకసారి రీస్టార్ట్ చేయండి. యూపీఐ యాప్ తెరిచి ఒక రూపాయి ఇంట్లోవాళ్లకే పంపి చూడండి. సిమ్ మళ్లీ వెరిఫై చేయమంటే ఎస్సెమ్మెస్ పోవాలి కాబట్టి ఆ సిమ్‌లో రీచార్జ్ ఉండాలి, రెండు సిమ్‌ల ఫోన్‌లో బ్యాంకుకు ఇచ్చిన నంబరే ఎంచుకోవాలి.

తర్వాత తేడా చేస్తే

మొదటి రెండు మూడు రోజులు ఫోన్ వేడెక్కడం, చార్జ్ తొందరగా దిగడం మామూలే. యాప్‌లన్నిటినీ కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు మళ్లీ సిద్ధం చేసుకోవడం, ఫోటోలను మళ్లీ లెక్కపెట్టుకోవడం లోపల నడుస్తుంటాయి. రాత్రి చార్జింగ్‌లో వదిలేస్తే ఆ పని తొందరగా తెములుతుంది. నాలుగో రోజుకూ తగ్గకపోతే సెట్టింగ్స్ → బ్యాటరీలో ఏ యాప్ ఎక్కువ తింటోందో చూసి, దాన్ని తీసేసి మళ్లీ వేయండి.

కాల్స్ పోకపోతే, అదీ జియో అయితే, ముందు ‘వోల్ట్ కాల్స్’ (4జీ మీద కాల్స్) స్విచ్ చూడండి. జియోకు 2జీ, 3జీ లేవు, వోల్ట్ ఆఫ్ అయితే ఫోన్‌లో గీతలు కనిపిస్తున్నా కాల్ పోదు. నెట్ రాకపోతే సిమ్ సెట్టింగ్స్‌లో ఏపీఎన్ (ఫోన్‌ను కంపెనీ నెట్‌కు కలిపే పేరు) సరిచూడండి: జియోకు జియోనెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్.కామ్, రెండూ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. దీనికీ లొంగకపోతే రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్. అది వైఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతలు, మీరు పెట్టిన ఏపీఎన్ లాంటి నెట్‌వర్క్ సెట్టింగులను చెరుపుతుంది, ఫోటోల జోలికి పోదు. బైక్ హెల్మెట్‌లోని బ్లూటూత్, కారు స్టీరియో పలకకపోతే రెండు వైపులా ‘ఫర్‌గెట్’ చేసి కొత్తగా జత చేయండి.

యాప్‌లు తెరవగానే మూసుకుపోతుంటే తప్పు ఫోన్ అప్‌డేట్‌ది కాకపోవచ్చు. 2021 మార్చిలో ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌లు వరుసగా కూలాయి. కారణం ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ అనే చిన్న భాగానికి వచ్చిన అప్‌డేట్. ప్లే స్టోర్‌లో దాన్నీ క్రోమ్‌నూ కొత్త వెర్షన్‌కు తెస్తే సర్దుకుంది. ఇప్పటికీ అలాంటి లక్షణం కనిపిస్తే మొదట చూడాల్సిన చోటు అదే.

అమోలెడ్ స్క్రీన్ మీద అప్‌డేట్ తర్వాత నిలువునా పచ్చ గీతో గులాబీ గీతో పడితే సెట్టింగులతో పోదు. లోకల్‌గా స్క్రీన్ మార్పించకండి. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు వారంటీ అయిపోయినా ఉచితంగా మార్చాయి. బయట విప్పిన ఫోన్‌కు ఆ అవకాశం పోతుంది. ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి.

పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లొచ్చా? దాదాపు వెళ్లలేరు. యాపిల్ పాత వెర్షన్లకు అనుమతిని కొద్ది రోజుల్లోనే ఆపేస్తుంది. ఆండ్రాయిడ్‌లోనూ చాలా ఫోన్లు పాతదాన్ని వేయనివ్వవు, బలవంతం చేస్తే ఫోన్ మళ్లీ లేవకపోవచ్చు. ‘ఫ్లాష్ చేసి పాతది వేసిస్తాం’ అనే దుకాణానికి ఇచ్చే ముందు మూడు అడగండి: బూట్‌లోడర్ (కంపెనీది కాని సాఫ్ట్‌వేర్‌ను ఆపే తాళం) అన్‌లాక్ చేస్తారా, డేటా పోతుందా, ఫైల్ కంపెనీదేనా. అన్‌లాక్ చేసిన ఫోన్‌లో చాలా బ్యాంకు యాప్‌లు పనిచేయవు.

అప్‌డేట్ పేరుతో వచ్చే దొంగ యాప్‌లు

నిజమైన సిస్టమ్ అప్‌డేట్ సెట్టింగ్స్ లోపల మాత్రమే ఉంటుంది. వాట్సాప్‌లో ఏపీకే ఫైల్‌గా (ప్లే స్టోర్ బయట తిరిగే యాప్ ఫైల్) రాదు, ఎస్సెమ్మెస్ లింకుగా రాదు, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు, క్రోమ్‌లో వెబ్‌సైట్ చూస్తుంటే ఎర్ర అక్షరాల్లో రాదు. చలాన్, పీఎం కిసాన్, పెళ్లి పత్రిక పేర్లతో తిరిగే ఏపీకేలు కూడా ఇదే జాతి. లోపలికి రాగానే ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడిగి ఓటీపీలు లాగుతాయి.

పొరపాటున వేసుకుంటే వెంటనే ఫ్లయిట్ మోడ్ పెట్టండి. ఇంకో ఫోన్ నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, తర్వాత బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. ఆ తర్వాతే యాప్ తీసేయడం. తీయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో, యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు ఆఫ్ చేసి తీయాలి.

అప్‌డేట్లే ఆగిపోయిన ఫోన్

ప్యాచ్ తేదీ ఏడాది వెనకబడి ఉండి, కొత్తవేవీ రావడం లేదంటే కంపెనీ చేతులు కడుక్కున్నట్టే. ఆ ఫోన్‌ను పాటలకు, పిల్లల వీడియోలకు ఉంచుకోండి. బ్యాంకు, యూపీఐ, ఆధార్ యాప్‌లు తీసేయండి. ఇంకా వాడక తప్పదంటే క్రోమ్, వెబ్‌వ్యూ కొత్తగా ఉంచి, ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో పెట్టి, ఖాతాలో కొద్ది డబ్బే ఉండే చిన్న అకౌంట్‌ను మాత్రమే యూపీఐకి జత చేయండి.

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెల్ కంటే ముందు ‘సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు’ అని అడగండి. 2023లో పిక్సెల్ 8కూ, 2024లో గెలాక్సీ ఎస్24కూ ఏడేళ్లు ఇస్తామన్నారు. పదిహేను వేల లోపు ఫోన్లలో ఆ లెక్క మోడల్‌ను బట్టి బాగా మారుతుంది. ఆ ఏళ్లను ఫోన్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి లెక్కించడం మామూలు, మీరు కొన్న రోజు నుంచి కాదు. ఆఫర్‌లో వచ్చే పాత మోడల్‌కు ఇప్పటికే రెండేళ్లు ఖర్చయి ఉండొచ్చు.

వారంటీలో ఉండగా అప్‌డేట్ ఫోన్‌ను చెడగొడితే

మోడల్, అప్‌డేట్‌కు ముందు తర్వాత బిల్డ్ నంబర్లు, తేదీ, సమస్య కనిపించే అరనిమిషం వీడియో సిద్ధం చేసుకోండి. సర్వీస్ సెంటర్‌లో జాబ్ షీట్ (ఫోన్ తీసుకుంటూ సమస్య రాసిచ్చే కాగితం) తప్పక తీసుకోండి. అందులో ‘అప్‌డేట్ తర్వాత మొదలైంది’ అనే మాట వాళ్ల చేతే రాయించండి. ‘సాఫ్ట్‌వేర్ మళ్లీ వేశాం, బాగైంది’ అని ఇచ్చేస్తే అక్కడే నిలబడి పరీక్షించి తీసుకోండి. అదే సమస్య మళ్లీ వస్తే కొత్త జాబ్ షీట్, పాతదాని నంబరుతో సహా.

పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇవ్వండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల రూపాయల దాకా విలువున్న కేసులకు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు. బిల్లు, జాబ్ షీట్లు, అప్‌డేట్‌కు ముందు తీసిన ఆ స్క్రీన్‌షాట్, కంపెనీకి పంపిన మెయిళ్ల కాపీలు జతపరచాలి. ఫోన్ కొన్న చోటు ఎక్కడైనా సరే, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేసే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్నారు కాబట్టి బెంగళూరు పోవాలని ఎవరైనా చెబితే నమ్మకండి.